ఇరవయ్యో వంతు లారీ

జూన్ 3, మంగళవారం

ఈ ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు అటక మీది అట్టపెట్టెలోంచి ఒక లారీ భూమ్మీదికి దిగింది. దానితోపాటు రెండు బల్లిగుడ్లు, రాయిలా గట్టిపడిన జిగురు డబ్బా, నా పదో తరగతి సోషల్ నోట్సు కూడా దిగాయి. నోట్సు దేశానికి అక్కర్లేదు. లారీ సంగతి వేరు. ఈ చారిత్రక సందర్భాన్ని పురస్కరించుకుని, భోగాపురంలో మా సబ్‌కాంట్రాక్టరు కొత్త సంవత్సరానికి పంచిపెట్టిన డైరీని ఆరో నెలలో ప్రారంభిస్తున్నాను.

దీనికి ఒకటే నియమం. ఇది లారీ డైరీ. ఇందులో లారీ గురించే రాయాలి. కిడ్నీ అనే మాట రాయకూడదు. ఇదే మొదటిసారి, ఇదే ఆఖరుసారి.

రేపెప్పుడైనా పురావస్తు శాఖవారు దీన్ని తవ్వి తీస్తే వారి సౌకర్యార్థం కొన్ని వివరాలు. ఈ లారీ అసలు లారీలో ఇరవయ్యో వంతు. పదకొండేళ్ళ క్రితం, పదో తరగతి సెలవుల్లో, నేనూ అప్పలసూరి బావా మొదలుపెట్టాం. కొబ్బరినూనె డబ్బా రేకుతో క్యాబిన్ అయింది. చాసిస్ సగం అయింది. చక్రాల్లేవు, వెనక బాడీ లేదు. బావంటే మా శైలజక్క మొగుడు. అంతకుముందు నుంచే మా అమ్మకి అన్న కొడుకు. వృత్తి రీత్యా లారీ బాడీ మేస్త్రి. కోటబొమ్మాళి దగ్గర హైవే పక్కన షెడ్డులో, కంపెనీ నుంచి అస్థిపంజరంలా వచ్చిన బండికి చెక్కతో ఒళ్ళు కట్టేవాడు. వందకు పైగా కట్టాడు. రెండేళ్ళుగా కట్టడం లేదు, అక్కా తనూ మా ఇంట్లోనే ఉంటున్నారు. ఎందుకు కట్టడం లేదో రాయడానికి నియమం అడ్డొస్తోంది.

మంగళ, గురు, శనివారాలు నేను బావని స్కూటరు మీద సోంపేట సెంటరుకి తీసుకెళతాను. నాలుగు గంటలు మిషను మీద ఉంటాడు. నేను పక్కన స్టూలు మీద ఉంటాను. మా ఉద్దానంలో ఇదేమీ వింత కాదు. మా ఒక్క వీధి నుంచే ముగ్గురు వెళతారు, ఆటో మాట్లాడుకుంటే గిట్టుబాటు.

పది రోజుల సెలవు పెట్టి వచ్చాను. రెండు నెలలైంది. నేను లేకపోయినా భోగాపురంలో ఎయిర్‌పోర్టు లేచి నిలబడుతోందని తెలిసి కొంచెం నొచ్చుకున్నాను.

జూన్ 5, గురువారం

లారీని గుడ్డసంచిలో పెట్టుకుని సెంటరుకి వెళ్ళాను. మిషన్లు చూసే ఝాన్సీలక్ష్మి గారు గుమ్మంలోనే ఆపారు.

"ఏటి బావూ సంచిలో? టిపినా?"

"లారీ అండి."

"లారీలు బయట పార్కింగు సెయ్యాల. లోపలికి రాకూడదు."

బావ నవ్వాడు. మంచం మీద పడుకుని, ఎడమచేతికి రెండు సూదులు పెట్టించుకుని, పొట్ట కదిలేలా నవ్వాడు. అది చూసి ఆవిడ మెత్తబడ్డారు. కొన్ని షరతులు విధించారు. జిగురు, బ్లేడు, ఉప్పుకాగితం, రంగు నిషేధం. కొలతలు, బిగింపులు, గొడవలు చేసుకోవచ్చు.

బావ ఎడమచెయ్యి కదపకూడదు. కుడిచెయ్యి ఒక్కటే ఖాళీ. నావి రెండు. మొత్తం మూడు చేతులతో ఈ జాతీయ ప్రాజెక్టు పునఃప్రారంభమైంది.

బావ చాసిస్‌ని కంటికి ఎదురుగా ఎత్తి, ఒక కన్ను మూసి చూశాడు.

"ఈ సాసిస్ కట్టినోడెవడ్రా?"

"నేనే బావా. అప్పటికి పదిహేనేళ్ళు నాకు."

"వొంకరగా ఉన్నాది. మరి ఇంజినీరింగు సదివినాక బాగుపడ్డావా, ఇంకా ఇలగే ఉన్నావా?"

జూన్ 6, శుక్రవారం

చాసిస్ విప్పి మళ్ళీ అతికించాను. వేళ్ళు పని మరిచిపోయాయి. బొటనవేలూ చూపుడువేలూ ఫెవిక్విక్‌తో అంటుకుపోయి గంటసేపు నమస్కారం పెడుతున్నట్టు తిరిగాను. బీటెక్ మెకానికల్, ఫస్టు క్లాసు.

జూన్ 10, మంగళవారం

చక్రాల విషయంలో పురోగతి. అమ్మ పాత రబ్బరు చెప్పులు దానం చేసింది. బావ పద్ధతి ఏమిటంటే, రెండంగుళాల ఇనప పైపు ముక్క తీసుకుని, దాని అంచుకి ఆకురాయితో పదును పెట్టి, చెప్పు మీద నిలబెట్టి సుత్తితో ఒక్క దెబ్బ. చక్రం ఊడి బయటికొస్తుంది. ముందు రెండు, వెనక జంటగా నాలుగు. ఆరు దెబ్బలు. మూడోదానికి నా గోరు కూడా వచ్చేది.

అప్పుడు, పదకొండేళ్ళ క్రితం కూడా, ఆరు చక్రాలూ బావే కోసి ఉంచాడు, తర్వాత అవి ఏమయ్యాయో తెలియదు. నేను విశాఖలో ఇంటరు కాలేజీ హాస్టల్లో చేరిపోయాను. దసరాకి వస్తానన్నాను. ఫోనులో రెండుసార్లు అడిగాడు, "లారీ ఎప్పుడు కడదాంరా" అని. పరీక్షలయ్యాక అన్నాను. మూడోసారి అడగలేదు. బావ స్వభావమే అంత. రెండుసార్లు అడుగుతాడు, తర్వాత ఊరుకుంటాడు.

జూన్ 14, శనివారం

ఈ రోజు శాస్త్రానికీ సంప్రదాయానికీ మధ్య భీకర సంగ్రామం జరిగింది. నేను డిజిటల్ కొలత పరికరం తీసుకెళ్ళాను. మిల్లీమీటరులో వందో వంతు దాకా చెబుతుంది. బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి దిండు కింద పెట్టేశాడు.

"కొలకర్ర కావాల."

షెడ్డులో కాగితం మీద బొమ్మ గీసి బాడీ కట్టేవాళ్ళు ఎవరూ లేరట. ప్రతి మేస్త్రికీ సొంత కర్ర ఉంటుంది. బండి వచ్చీరాగానే చాసిస్ పక్కన కర్ర పెట్టి, ఇక్కడ అడ్డదూలం, ఇక్కడ నిలువు గూటం అని కత్తితో గాట్లు పెట్టుకుంటాడు. ఆ బండికి ఆ కర్రే. పని అయిపోయాక ఆ గాట్లు ఇంకే బండికీ పనికిరావు కాబట్టి పొయ్యిలో పెట్టేస్తారు.

"అయితే నీ కర్రలో ఇరవయ్యో వంతు కర్ర కావాలి బావా."

"ఐస్‌క్రీం పుల్ల తే."

బ్లేడు నిషేధం కాబట్టి గోటితోనే గాట్లు పెట్టాడు. పడుకున్న చోటి నుంచే, కళ్ళు మూసుకుని. ఇంటికొచ్చాక నా పరికరంతో రహస్యంగా తనిఖీ చేశాను. రెండు గాట్లు అర మిల్లీమీటరు తేడా. మిగతావి సరిగ్గా ఉన్నాయి. తేడా నా పరికరంలో కూడా ఉండొచ్చు.

జూన్ 15, ఆదివారం

అక్కది బి గ్రూపు. కుదరదట. అమ్మకి షుగరు. మావయ్యా అత్తయ్యా లేరు.

బావది ఓ పాజిటివ్. నాది ఓ పాజిటివ్. ఇది కేవలం సమాచారం. లారీకి దీనితో ఎలాంటి సంబంధమూ లేదు.

జూన్ 16, సోమవారం

నన్నెవరూ అడగలేదు.

జూన్ 19, గురువారం

అడ్డదూలాలు ఎనిమిది. మామిడిపళ్ళ పెట్టె చెక్కతో. నన్నెవరూ అడగలేదు.

జూన్ 22, ఆదివారం

మధ్యాహ్నం అమ్మడు పిన్ని వచ్చింది. ఈవిడ మా అమ్మకి చెల్లెలు కాదు, ఎవరికీ ఏమీ కాదు, కానీ ఊరందరికీ పిన్నే. జీడిపప్పు ఒలిచే పని మానేసి మరీ పరామర్శకి వచ్చింది. నేను వసారాలో లారీ కింద స్ప్రింగుల్లా ఉండే కమాను కట్టలకి పాత కొలత టేపు రేకు కత్తిరిస్తున్నాను.

"ఒలే నీలవేణీ, మీ అల్లుడిదీ మీవోడిదీ ఒకే రగతవంట గదా?"

అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. "అయితేటి?" అంది.

"అయితేటంటే ఏటి సెప్తాను? ఊరికే అన్నాను."

"ఊరికే అనకు. టీ తాగుతావా, ఎల్తావా?"

పిన్ని టీ తాగలేదు. ఆవిడ వెళ్ళాక అమ్మ అవే బియ్యం మళ్ళీ మొదటి నుంచి ఏరింది. వంటింటి గుమ్మంలో అక్క నిలబడి ఉంది. నేను అక్కవైపు చూడలేదు. అక్క నావైపు చూసిందో లేదో, అటు చూడలేదు కాబట్టి, తెలియదు.

రాత్రి భోజనంలో నా కంచంలోకి రెండు చేప ముక్కలు ఎక్కువ వచ్చాయి. చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే వచ్చేవి.

జూన్ 27, శుక్రవారం

నియమ భంగం. విశాఖలో ఒక ఆసుపత్రికి ఫోను చేశాను. పరీక్షలకి జూలై ఏడు, సోమవారం రమ్మన్నారు. ఫోనులో అమ్మాయి చాలా మర్యాదగా, మీరు పేషంటుకి ఏమవుతారు అని అడిగింది. బావమరిదినన్నాను. అయితే చట్టప్రకారం మీరు దగ్గరి బంధువు కారు సార్, కమిటీ ముందు హాజరై ప్రేమతోనే ఇస్తున్నానని నిరూపించుకోవాలి అంది. ఈ చట్టం రాసినవారికి బావమరుదులు ఉండి ఉండరు. లేదా ఉండి ఉంటారు.

ప్రేమని ఎలా నిరూపిస్తారు? లారీని తీసుకెళ్ళి చూపించాలేమో.

పరీక్షలు మాత్రమే. పరీక్షలకి వెళ్ళినంత మాత్రాన ఇచ్చేసినట్టు కాదు. గేటు పరీక్షకి కూడా వెళ్ళాను. ఏమైంది? ఈ ఫోను సంగతి ఎవరికీ చెప్పలేదు.

జూలై 3, గురువారం

బాడీ నిలబడింది. పక్క పలకలు ఐస్‌క్రీం పుల్లలు, ఒక్కోటీ ఉప్పుకాగితంతో రుద్ది సగం మందం చేశాను. క్యాబిన్ సొట్టలకి లప్పం పెట్టాను. హెడ్‌లైట్లకి అద్దాలు బావ మాత్రల అట్టలవి. మాత్ర తీసేశాక మిగిలే బుడగ సరిగ్గా సరిపోయింది. మనింట్లో ఈ సామగ్రికి ఎన్నటికీ కొరత రాదని బావ హామీ ఇచ్చాడు.

సెంటర్లో పక్క మంచాల వాళ్ళు కూడా సలహా సంఘంగా ఏర్పడ్డారు. ఎరుపు వెయ్యాలని ఒకాయన. పచ్చ వెయ్యాలని ఇంకొకాయన. బావ మధ్యవర్తిత్వం చేసి ఎరుపు ఖాయం చేశాడు. పచ్చ అన్నాయన పేరు కూర్మయ్య గారు.

జూలై 5, శనివారం

కూర్మయ్య గారి మంచం మీద ఇవాళ వేరే ఆయన ఉన్నారు. ఝాన్సీలక్ష్మి గారిని అడగబోతే ఆవిడ ముందే తల అడ్డంగా ఊపారు. బావ చాలాసేపు క్యాబిన్ తిప్పి చూసి, "లోపల పచ్చ ఎయ్యు. బయట ఎరుపే" అన్నాడు. ఇంటికొచ్చి లోపల పచ్చ వేశాను.

జూలై 6, ఆదివారం

ఈ రోజు వివరంగా రాయాలి. ఇంజనీరింగు దృష్టితో రాస్తాను.

కవిటి వెళ్ళి ఎరుపు రంగు తీసుకుని పదకొండింటికి తిరిగొచ్చాను. వసారాలో పీట వేసి ఉంది. పీట మీద లారీ. క్యాబిన్ నుదుటికి పసుపు, కుంకుమ. మెడలో బంతిపూల దండ. ఇరవయ్యో వంతులో ఒక్కో బంతిపువ్వు స్టెప్నీ టైరంత ఉంది. అగరొత్తులు వెలుగుతున్నాయి. ముందు చక్రాలకి ఆనించి రెండు నిమ్మకాయలు. లారీ ముందుకి ఒరిగి, గడ్డి మేస్తున్న గేదెలా, మూతి నేలకి ఆన్చి ఉంది. అమ్మ పక్కనే చతికిలబడి కూచుంది.

"అమ్మా! ఏటి సేసినావు?"

అమ్మతో మాట్లాడేటప్పుడు నా బీటెక్ ఎటుపోతుందో తెలియదు.

"కొత్త బండి గదరా. పూజ సెయ్యకుండా రోడ్డెక్కిస్తారేటి?"

"ఇది బొమ్మే! ఎక్కడికెల్తాది?"

"అది ఎల్లదు. నువ్వెల్తన్నావు గదా రేపు."

ఆసుపత్రి అమ్మాయి నిన్న సాయంత్రం ఖాయం చేసుకోవడానికి ఫోను చేసింది. నేను స్నానంలో ఉన్నాను. అమ్మ ఎత్తింది. రాత్రంతా ఎవరికీ చెప్పలేదు. పొద్దున్న లేచి, మా ఊళ్ళో ఏ బండి మొదటి ప్రయాణానికి బయల్దేరినా ఏం చేస్తారో అది చేసింది. నాకు పసుపు రాసి నిమ్మకాయల మీంచి నడిపించలేదు కదా, అందుకని లారీకి చేసింది.

"నిమ్మకాయ సితికిపోవాల. దిష్టి పోతాది" అంది. "నాను మెల్లిగానే తోసినాను. ఎక్కలేదు. ఇంకొంచెం తోసినాను. నిమ్మకాయలు అలగే ఉన్నాయి సూడు. ఇరుసు ఇరిగిపోనాది."

నేను వివరించాను. అమ్మా, ఇరవయ్యో వంతులో నిమ్మకాయంటే మామూలు నిమ్మకాయ కాదు, అసలు లారీ ముందు నడుం ఎత్తు బండరాయి పెట్టినట్టు, ఏ లారీకైనా విరుగుతుంది, ఇందులో అపశకునమేమీ లేదు, ఇది కేవలం నిష్పత్తికి సంబంధించిన విషయం. చాలా బాగా వివరించాను. కాలేజీలో ఇంత బాగా చెప్పి ఉంటే ఉద్యోగం అప్పుడే వచ్చేది.

"నీ లెక్కలు నాకు తెలవురా" అంది అమ్మ. "ఎల్లొద్దని నానెలాగంతాను? ఆడు నా అన్న కొడుకు. నా కూతురి మొగుడు. ఎల్లమని ఎలాగంతాను?"

కొంగుతో లారీ నుదుటి మీద కుంకుమ తుడవబోయింది. లప్పం ఇంకా పూర్తిగా ఆరలేదు. కుంకుమ లోపలికి ఇంకింది.

"ఇరుసు ఇరిగిపోనాదిరా తిరనాదా" అంది మళ్ళీ.

జూలై 7, సోమవారం

విశాఖ వెళ్ళలేదు. ఇరుసు విరిగింది. అలాంటి స్థితిలో బండిని వదిలి ఎవరైనా ఎలా వెళతారు? ఆసుపత్రికి ఫోను చేసి జ్వరమని చెప్పాను. కొంచెం ఉన్నట్టే ఉంది కూడా.

జూలై 8, మంగళవారం

ఇరుసు బాగుచేస్తున్నాను.

జూలై 10, గురువారం

ఇరుసు. వెదురు పనికిరాదు.

జూలై 12, శనివారం

ఇరుసు. గొడుగు ఊచ బాగానే ఉంటుంది, కానీ ఇంట్లో ఉన్న గొడుగు కొత్తది. వానాకాలంలో గొడుగు విరవడం భావ్యం కాదు.

జూలై 15, మంగళవారం

ఇరుసు. బావకి ఈ రోజు మిషను మీద ఉండగా బీపీ పడిపోయింది. కళ్ళు తేలేశాడు. కాళ్ళు ఎత్తి పట్టుకోమన్నారు, పట్టుకున్నాను. బావ కాళ్ళు ఇంత తేలిగ్గా ఉంటాయని నాకు తెలియదు. ఈ కాళ్ళ మీద కూచుని చిన్నప్పుడు ఊగేవాణ్ణి. పది నిమిషాలకి కళ్ళు తెరిచి నన్ను చూసి, "ఒరే, జాకీ పెట్టినట్టు ఎత్తీసినావేట్రా" అన్నాడు.

సైకిల్ స్పోకు గురించి ఆలోచించాలి.

జూలై 17, గురువారం

"ఇరుసు ఇంకా అవ్వలేదేటి?" అన్నాడు బావ.

"సన్నని పని బావా."

"అసలు లారీకి ఇరుసు మార్సడానికి ఒక పూట. ఇరవయ్యో వంతు లారీకి ఎంత? నువ్వు ఇంజినీరువి, సెప్పు."

నేను చక్రం తిప్పుతూ కూచున్నాను.

"అత్త నాకు సెప్పీసినాదిరా. నిమ్మకాయల సంగతి, విశాపట్నం సంగతి. ఏడిసింది."

"జ్వరమొచ్చింది బావా. అందుకని."

"సరే. జొరమే." అన్నాడు. "నాను అడగను. నోటి సివరిదాకా రెండుసార్లు వచ్చినాది. మింగీసినాను. అడిగితే నువ్వు కాదన్లేవు. కాదన్లేనోణ్ణి అడగడం దొంగతనవే గదా."

నేనొక జోకు వెయ్యాలని చాలా ప్రయత్నించాను. ఎప్పుడూ ఏదో ఒకటి సిద్ధంగా ఉంటుంది. ఏమీ రాలేదు.

"మరి నేనే ఇస్తే?"

"ఇస్తే పుచ్చుకుంటాను" అన్నాడు వెంటనే. "నాకొద్దురా అని గొప్పగా సెప్తాననుకున్నావా? నానేటి మహాత్ముణ్ణా? నాకు బతకాలనున్నాది. ముప్పై నాలుగేళ్ళు నాకు. మీ అక్కతో పూరీ ఎల్లాలని అనుకుని ఆరేళ్ళయింది, ఎల్లలేదు."

ఝాన్సీలక్ష్మి గారు వచ్చి మా ఇద్దరి మొహాలూ చూశారు. "ఏటయింది? ఇద్దరి కళ్ళూ అలగున్నాయి?"

"జిగురు ఘాటండి" అన్నాను.

"జిగురు తేవద్దని సెప్పినాను గదా!" అని సంచి లాక్కుని మొత్తం వెతికారు. అందులో జిగురు లేదు. చూసి, సంచి తిరిగి ఇచ్చేశారు.

జూలై 18, శుక్రవారం

ఇరుసు బిగించాను. నలభై నిమిషాలు పట్టింది.

జూలై 21, సోమవారం

విశాఖ. రక్తం ఆరు సీసాలు. మూత్రం. స్కానింగు. అమ్మ వెళ్ళమనలేదు, వద్దనలేదు. నాలుగింటికి లేచి పులిహోర కట్టింది. అక్క బస్టాండు దాకా వచ్చింది. బస్సు కదిలేదాకా కిటికీ ఊచ పట్టుకునే ఉంది. "ఏదైనా తిను మధ్యలో" అంది. పులిహోర చేతిలోనే ఉంది.

రక్తం తీసే కుర్చీలో భయం వేసింది. ఇచ్చేశాక వేస్తుందనుకున్నాను, ఇవ్వకముందే వేసింది. ఇది కూడా లారీ డైరీయే కాబట్టి రాస్తున్నాను: నాకు ఇవ్వాలని లేదు. ఇస్తాను. రెండూ నిజం.

జూలై 24, గురువారం

ఆసుపత్రి నుంచి ఫోను. ఒక పరీక్ష మళ్ళీ చెయ్యాలట. శాంపిల్ సరిగా లేదేమో అంది అమ్మాయి. ఎరుపు రెండో పూత వేశాను. అంతకుముందే కుంకుమ పడ్డ చోట లప్పం తీసి కొత్తది పెట్టాను.

జూలై 28, సోమవారం

వరుసగా రాస్తాను.

ఉదయం మళ్ళీ రక్తం ఇచ్చాను. మధ్యాహ్నం డాక్టరు గారు పిలిచారు. పెద్దాయన. నా కాగితాలు రెండుసార్లు తిరగేసి, మీరు ఇవ్వడానికి పనికిరారు అన్నారు.

ఆయన ఇంకా మాట్లాడుతున్నారు. నేను వినడం మానేశాను. లోపల ఏదో వదులైంది, బిగించిన తాడు విప్పినట్టు. పనికిరాను! నేను చెయ్యాల్సింది చేశాను, వెళ్ళాను, సూదులు గుచ్చించుకున్నాను, నా తప్పేమీ లేదు. థాంక్యూ సార్ అన్నాను. ఆయన నావైపు వింతగా చూశారు. మందులవాడి దగ్గర ఈ నొప్పి మాత్రలు ఎప్పుడూ కొనకూడదు, మూడు నెలలకోసారి రావాలి, నీళ్ళు తాగాలి అని ఏవేవో చెప్పారు. అన్నిటికీ తలూపాను.

రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. కొత్తవలసలో పక్క లైనులో కిరండూల్ నుంచి ఇనుపరాయి తెచ్చే గూడ్సు ఆగి ఉంది. దాన్ని ఇరవయ్యో వంతులో కడితే మా వీధిలో సగం పొడుగుంటుందని లెక్క వేశాను. లారీ అయ్యాక గూడ్సు కడదాం అనుకున్నాను. జామకాయలు కొని కారం అద్దుకు తిన్నాను. ఎదురు సీట్లో పాప చెయ్యి చాపితే ఒకటి ఇచ్చాను. విజయనగరం దాటింది. ఆముదాలవలస దాటింది. నేను సంతోషంగా ఉన్నాను. అబద్ధం రాయను. ఈ నాలుగు నెలల్లో ఎప్పుడూ అంత సంతోషంగా లేను.

కోటబొమ్మాళిలో బండి ఆగింది. బావ షెడ్డు ఇక్కడేనని తల తిప్పి చూశాను. రైల్లోంచి కనిపించదు. అప్పుడు ఎందుకో కవరు తెరిచి మొదటి కాగితం చూశాను. ఎందుకు పనికిరానో నేను ఆయన్ని అడగనే లేదు. క్రియాటినిన్ ఒకటి పాయింటు ఎనిమిది. రెండోసారీ అంతే. స్కానింగులో రెండూ కొంచెం చిన్నవిగా ఉన్నాయని రాసి ఉంది.

ఈ అంకెలు మా ఊళ్ళో పిల్లలకి కూడా తెలుసు, ఒకటి పాయింటు రెండు దాటకూడదు. బావకి మొదటిసారి ఒకటి పాయింటు తొమ్మిది వచ్చింది.

బండి కదిలింది. చేతిలో జామకాయ సగం ఉంది. ఏం చెయ్యాలో తెలియక తినేశాను.

ఇంటికి చేరేసరికి అమ్మ గుమ్మంలో ఉంది. "పనికిరాదన్నారే అమ్మా" అన్నాను. అమ్మ రెండు చేతులూ జోడించి పైకి చూసి, వెంటనే లోపల అక్క ఉందని గుర్తొచ్చి చేతులు దించేసింది. అక్క నీళ్ళపొయ్యి దగ్గర నుంచి, "పోనీలేరా, ఎల్లినావు గదా" అంది. బావ లోపల నిద్రపోతున్నాడు. అమ్మా అక్కా ఇద్దరూ ఎందుకని అడగలేదు. గ్రూపు కలవలేదేమో అనుకున్నట్టున్నారు. గ్రూపు కలుస్తుందని ఇద్దరికీ తెలుసు.

జూలై 29, మంగళవారం

బావ రిపోర్టులు చదవడంలో ఎండీ. సెంటర్లో కవరు చేతికిస్తే కుడిచేత్తో కాగితం పైకెత్తి, ఒక కన్ను మూయకుండానే చూశాడు. రెండో కాగితం చూశాడు. మళ్ళీ మొదటిది.

"ఎన్నిసార్లు తీసినారు?"

"రెండు."

"అత్తకి సెప్పీసినావేటి?"

"పనికిరాదన్నారని చెప్పాను. అంకె చెప్పలేదు."

"సెప్పకు. నాను సెప్తాను. నీకు రాదు సెప్పడం, మద్దిలో జోకేస్తావు."

కాగితాలు మడత మీద మడత పెట్టి తన దిండు కిందికి తోశాడు. నాకు తిరిగి ఇవ్వలేదు.

"బావా, పనికిరానని చెప్పగానే నాకు సంతోషమేసింది."

"ఏస్తాదిరా."

"కోటబొమ్మాళి దాకా సంతోషంగానే ఉన్నాను."

"నానయినా అంతే" అన్నాడు. "ఎదవ" అని కూడా అన్నాడు. నన్నో, ఇంకెవరినో. తల అటు తిప్పుకున్నాడు. గంట తర్వాత వెనక తలుపు బందులు వంకరగా ఉన్నాయని తిట్టడం మొదలుపెట్టాడు. నిజంగానే వంకరగా ఉన్నాయి.

ఆగస్టు 2, శనివారం

ఇన్నాళ్ళూ ఒకటి రాయలేదు. బావకి రోజుకి అర లీటరు నీళ్ళు. టీ, మజ్జిగ, మాత్రలు మింగే నీళ్ళు, అన్నీ కలిపి. అంతకు మించితే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అందుకని మా ఇంట్లో ఎవరూ బావ ఎదుట నీళ్ళు తాగరు. బిందె పెరట్లోకి మార్చారు. ఎవరూ చెప్పకుండానే అలా జరిగింది. నేను కూడా స్కూటరు దిగి, బోరింగు చాటుకెళ్ళి, దొంగలా తాగి, మూతి తుడుచుకుని వస్తాను.

ఇవాళ బయల్దేరేటప్పుడు బావ, "సీసా పెట్టుకో. లీటరుది" అన్నాడు.

సెంటర్లో సూదులు పెట్టి ఝాన్సీలక్ష్మి గారు అటు వెళ్ళగానే, నేను లారీ తీశాను. వెనక తలుపు ఒక్కటే మిగిలింది.

"అది పక్కన పెట్టు. డాక్టరు నీళ్ళెంత తాగమన్నాడు?"

"మూడు లీటర్లు."

"పొద్దున్నించి ఎంత తాగినావు?"

"తాగాను బావా, చాలానే..."

"ఎంత?"

"ఒక గ్లాసు."

"సీసా తియ్యు."

సీసా తీసుకుని వరండా వైపు లేచాను.

"ఎక్కడికి?"

"తాగొస్తాను."

"ఇక్కడే. నా ఎదట."

"బావా, నీ ముందు ఎలా..."

"నువ్వు బయటికెల్లి మొక్కలికి పోసీసి వస్తావు. నీ సంగతి నాకు తెలీదేటి? కూకో."

కూచున్నాను. మూత తీశాను. సీసా పైన తడి పట్టి ఉంది. బావ ఆ తడినే చూస్తున్నాడు. రెండు గుక్కలు గబగబా తాగి దించబోయాను. ఖాళీగా ఉన్న కుడిచెయ్యి చాపి, సీసా అడుగుని పట్టుకుని మళ్ళీ పైకి ఎత్తాడు.

"బేగి తాగీకురా. మెల్లిగా తాగు" అన్నాడు. "గుటక సప్పుడు నాకు ఇనబడాల."